మానేసిన వారానికి ఏడాది

మా స్నేహితుణ్ణి అందరూ తూకం అంటారు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. కుడికంటికీ ఎడమకంటికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటికొచ్చే రకం. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూశాక తన పనిబల్ల మీదే మాతో ఒక ఆట ఆడించేవాడు. తలో పాత్రా పట్టి, దాని వయసూ నేర్పూ ఒక కాగితం మీద రాసుకుని, మాటలతోనే కథ నడపాలి. ఎవరి ఎత్తు పారుతుందో పాచికలు తేలుస్తాయి.

ఆ కథలో ఏడొందల ఏళ్లు బతికే అడవిజనం ఉంటారు, డెబ్బైకి పోయే మనుషులూ ఉంటారు. నేనూ మా బావమరిదీ అడవిజనం. తూకం చెల్లెలు మనిషి. ఆమె బడిలో లెక్కలు చెప్పేది.

ఒకరోజు మా బావమరిదికి రోషం వచ్చింది. "మూడొందల ఏళ్లుగా విల్లు పట్టిన నాకూ, నిన్నగాక మొన్న పట్టిన ఈవిడకీ గురి ఒకటేనా? ఇన్నేళ్లూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నానా?"

"కూర్చునే ఉంటావు. అంత తీరికున్నవాళ్లు ఎప్పుడైనా నేర్చుకుంటారా?" అంది చెల్లెలు.

తూకం నెల్లాళ్లు బుర్ర బద్దలుకొట్టుకుని రూలు రాశాడు. ఆడిన వారానికి నేర్పు కింద అడవిజనానికి ఒక పాయింటు, మనిషికి నాలుగు. బదులుగా ప్రతి ఆదివారానికీ అందరికీ ఒక ఏడు మీద పడుతుంది, ఆటకి రాకపోయినా సరే. ఆ చివరి ముక్క తరచూ ఎగ్గొట్టే మా బావమరిదికి పెట్టిన వాత. ఏడొందల ఏళ్లవాడికి ఏడాది ఒక లెక్కా? మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. మా తెలివి అలా తెల్లారింది.

తర్వాత చెల్లెలికి రక్తంలో జబ్బు బయటపడింది. పద్దెనిమిది వారాలు ఆసుపత్రిలోనే. తిరిగొచ్చేసరికి నలభై నాలుగేళ్ల ఆమె పాత్రకి అరవై రెండు నిండాయి. నేర్చింది మాత్రం ఏమీ లేదు. తూకం గబగబా రబ్బరు తీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఆమె తన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "చెరపకు అన్నయ్యా. నీ లెక్కలో ఇవాళ్టితో కలిపి ఎనిమిది ఆదివారాలున్నాయి. డాక్టరు అన్ని కూడా చెప్పలేదు."

ఆట బయట ఆమెకి నలభై కూడా నిండలేదు. నాకు ఆ రూలు మీదా, మా బావమరిది మీదా, నా మీదా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండితే ఏం లాభం?

మూడు ఆదివారాలు వచ్చింది. నాలుగోదానికి లేదు.

అయినా తూకం మమ్మల్ని రమ్మంటూనే ఉన్నాడు. వెళ్లి కూర్చునేవాళ్లం. ఎనిమిదో ఆదివారం ఆమె కాగితం మీద డెబ్బై వేశాడు. "ఊళ్లో పెద్దావిడ పోయింది," అన్నాడు కథ చెప్పే గొంతుతోనే. అప్పుడు రూలు తప్పకుండా మా ఇద్దరి కాగితాలూ లాక్కుని చెరో పాయింటు వేశాడు.

నా పాత్రకి ఇంకా నాలుగొందల ఏళ్లున్నాయి.