పత్రికలో తెంచిన పేగు

బర్మాలోని మా మోన్యువా బజారులో సైకిళ్లు బాగుచేసే సాన్ తిన్ బాబాయి మాటల పొదుపరి. పంక్చరు వేస్తున్నప్పుడు రాజే వచ్చినా తలెత్తడని ఎగతాళి చేసేవాళ్లం. భార్య పోయాక ఒక్కగానొక్క కూతురు నీలార్‌కు తనే జడలు వేసి పెంచాడు. ఆమె బడిలో టీచరయింది.

సైన్యం గద్దెనెక్కిన నెలలోనే నీలార్, ఆ సైన్యమిచ్చే జీతం నాకొద్దని బడి మానేసి ఊరేగింపుల్లో నడిచింది. తన పేర వారంటు వచ్చిందని తెలియగానే అడవిదారి పట్టింది. పిల్ల దొరక్కపోతే తండ్రిని పట్టుకుపోవడం, ఇంటికి సీలు వేయడం అప్పటికే బర్మా అంతటా రివాజయింది. దాన్నే చట్టమని పిలిచేవాళ్లు.

ఒక ఉదయం వార్డు పెద్ద చీ న్యో కొట్టుకు వచ్చాడు. నీలార్ చెవులు కుట్టించిన నాడు వాళ్లింట్లో టీ ఆకుల పచ్చడి పళ్లెం నాకినంత పని చేసిన మనిషి. సైనికులు రాగానే వాళ్ల పంచన చేరాడు.

"సర్కారు పత్రికలో ప్రకటన వేయించన్నా, అది నా కూతురు కాదని. అందరూ వేయిస్తున్నారుగా. ఇల్లయినా దక్కుద్ది" అన్నాడు పళ్లు కుట్టుకుంటూ.

బాబాయి కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నాడు. చివరికి నీలారే ఎవరి ఫోనులోంచో కబురు పెట్టింది, వేయించెయ్ నాన్నా, నేను నమ్మనులే అని. వేయించాడు. తండ్రి మాట పలుమార్లు మీరినందున నేటి నుంచి ఆమె నా కూతురు కాదని. ఆ పేజీ నిండా అలాంటివే. కన్నవాళ్ల చేతనే పిల్లల మీద ఉమ్మించే రాజ్యం ఇది. ఆ కాగితంలో మా కొట్టు ఎండుచేపలు కట్టడానికి కూడా నాకు చేతులు రాలేదు.

వారం తిరక్కుండా సైనికులు వచ్చి ఇంటికి సీలు వేశారు. పైవాళ్ల ఆర్డరు, నేనేం చెయ్యనంటూ చీ న్యో పక్కనే నిలబడి కిళ్లీ నమిలాడు. సిగ్గులేని దవడ.

బాబాయి బట్టల మూటతో వీధిలో నిలబడ్డాడు. నీలార్ నా కూతురేనని అదే పత్రికలో మళ్లీ వేయించాలంటే ఏం చేయాలని అడిగాడు. అలాంటివి తీసుకోరని, అడిగితే నిన్నే లోపలేస్తారని చీ న్యో కసిరాడు.

పంక్చరు ఎక్కడుందో చూపించినంత నెమ్మదిగా అన్నాడు బాబాయి: "అయితే పత్రికెందుకు, నీకే చెప్తున్నా. నీలార్ నా కూతురు. పోయి ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

చీ న్యో చెప్పుకున్నాడు. సాయంత్రానికల్లా బాబాయిని తీసుకుపోయారు. జైల్లో పిల్లలెందరని అడిగినప్పుడల్లా, ఒక కూతురు, పేరు నీలార్ అని చెబుతున్నాడట.