మడతపెట్టిన జాకెట్

సొంత విమానంలో తిరిగే మనిషి బస్సు కోసం కూర్చోవడమేమిటని మొదట నవ్వొచ్చింది. ఎనభైల మొదట్లో, ఆరిజోనాలోని ఒక బస్ స్టేషన్ అది. నా పక్కన కూర్చున్న పొడుగు జుట్టు మనిషి రాక్ బ్యాండ్‌లో డ్రమ్మరట. బ్యాండంతా తమ విమానంలోనే ఊరూరా తిరుగుతారట. ఆ పొద్దున ఫ్యూయల్ కోసం ఈ ఊరి ఎయిర్‌పోర్ట్‌లో దిగారు. ఇతను లోపలికెళ్ళి వాళ్ళమ్మకి ఫోన్ చేసి వచ్చేసరికి విమానం లేదు.

"అయ్యో! మీకు టికెట్లూ గట్రా ఉండవు కదా, ఎవరెక్కారో ఎవరూ చూసుకోలేదేమో. మర్చిపోయుంటారు," అన్నాను.

అతను కాళ్ళ దగ్గరున్న పెట్టెను బూటుతో తట్టాడు.

"మర్చిపోయినవాళ్ళు నా పెట్టె కిందికి దింపి, దానిమీద జాకెట్ మడతపెట్టి మరీ వెళ్తారా?"

ఇంతలో నా బస్సొచ్చింది. లేచాను.

ఆ బ్యాండ్ పాటలు ఇప్పుడు మా పిల్లలకి ఇష్టం. కార్లో ఆ పాటలొస్తే మాత్రం నేను రేడియో కట్టేస్తాను.