తాళాలత్త తలుపు కొడితే

ఆ క్లినిక్‌లో రోగులు నెలల తరబడి ఉండి మళ్లీ నడక నేర్చుకుంటారు. గదులన్నిటి తాళంచెవులూ నడుముకు దోపుకుని తిరిగే ఆయాను అందరూ తాళాలత్త అంటారు. గుత్తి తన దగ్గరే ఉన్నా, లోపల్నుంచి "రా" అని వినపడందే గడప దాటదు. చచ్చినా దాటదు. మిగతావాళ్లు తలుపు కొట్టడం, తొయ్యడం ఒకేసారి కానిచ్చేస్తారు, అదేం మర్యాదో! ఇంట్లో ఖాళీ వంటగదికి కూడా తలుపు కొడుతుందని మొగుడు ఆటపట్టిస్తాడు.

నవ్వితే నవ్వనీ. ఒకప్పుడు తాళాలత్త కూడా ఆపరేషనయి మంచం పట్టింది. చీర మార్చుకుంటుంటే ఇద్దరు మగాళ్లు బండి తోసుకుంటూ లోపలికొచ్చేశారు. ఆ సిగ్గు ఆవిడకింకా చల్లారలేదు.

చివరి గదిలో తుంటి విరిగిన దర్జీ పెద్దమ్మ ఉంది. కర్ర పట్టుకుని గదిలో నాలుగడుగులు వెయ్యొచ్చని డాక్టరే చెప్పాడు. కానీ లేవబోయినప్పుడల్లా ఎవరో ఒకరు దూసుకొచ్చి, అయ్యో అయ్యో అంటూ కూర్చోబెట్టేసేవాళ్లు. ఆదివారం మొగుడొచ్చేసరికి నిలబడి చూపించాలని ఆవిడ పట్టుదల. ఆ మాట తాళాలత్త చెవిలోనే వేసింది. ఇంకేముంది, వారమంతా తాళాలత్త ఆ తలుపు ముందే తుడుపు పని పెట్టుకుని, వచ్చినవాళ్లనల్లా తలుపు కొట్టి ఆగమని వాళ్ల ప్రాణం తోడేసింది.

ఆదివారం పెద్దమ్మ మొగుడు ముసలాయన నున్నగా తల దువ్వుకుని వచ్చాడు. తలుపుకి లోపల్నుంచి తాళం. తాళాలత్త కొట్టింది. పలుకు లేదు. మళ్లీ కొట్టింది. పెద్ద నర్సు పరుగున వచ్చి, పడిపోయుంటే ఎవరు జవాబు చెప్తారు, తియ్యి, లేదా రేపట్నుంచి పనిలోకి రావద్దు అంది. తాళాలత్త తాళంచెవి పట్టుకుని తలుపుకి చెవి ఆనించింది.

"ఒక్క నిమిషం సిస్టర్. కర్ర చప్పుడవుతోంది. ఆవిడే వస్తోంది."

తాళం లోపల్నుంచి తిరిగింది. మాట్లాడితే తూలిపోతానేమోనని పళ్లు బిగబట్టిన దర్జీ పెద్దమ్మ, ఒళ్లంతా చెమటతో, నిటారుగా నిలబడి నవ్వుతోంది.

"రావే అమ్మాయ్," అంది తాళాలత్తతో.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని తలుపులు తీసిందో గానీ, తన కోసం లేచొచ్చి తలుపు తీసినవాళ్లు ఒక్కరూ లేరు. తాళాలత్తకి ఆనందం పట్టలేక ఏడుపొచ్చేసింది. ఈలోగా ముసలాయన లోపలికి అడుగెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి బాబాయ్. పిలిచింది నన్ను."

ఆయన బుద్ధిగా వెనక్కి తగ్గి, బార్లా తెరిచున్న తలుపు మీద రెండుసార్లు కొట్టి నిలబడ్డాడు.