నాయన గొంతుకు వేసిన పగ్గం

మా నాయన మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో చీమ దూరడానికి కూడా సందు దొరికేది కాదు. మడకశిర చుట్టుపక్కల ఆటోకు మైకు కట్టుకుని ప్రచారం చేయడం ఆయన పని. గొర్రెల సంతయినా, పోలియో చుక్కలయినా, కొత్త బట్టల అంగడయినా, తప్పిపోయిన పిల్లయినా ఆయన గొంతులోంచే జనానికి తెలిసేది. తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి, ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఇంటికొచ్చినా మైకు దిగేది కాదు. అమ్మ ఏదైనా చెప్పబోతే ఆమె మాట సగంలో ఉండగానే ఈయన మాట మొదలయ్యేది. నేనూ ఆయన కూతుర్నే గదా, నాకూ అదే నోరు. మేమిద్దరం అరుచుకుంటుంటే అమ్మ వంటింట్లో గిన్నెలతో మాట్లాడుకునేది.

ఆ గొంతు విని, రైతులకు తెల్లవారుజామున ఫోన్ చేసి వాతావరణం చెప్పే ఒక సంస్థవాళ్ళు ఆయన్ను పిలిపించుకున్నారు. గదిలో కూర్చోబెట్టి ముక్కలు ముక్కలుగా చెప్పించి రికార్డు చేసుకున్నారు. ఊర్ల పేర్లు, అంకెలు, 'వాన సూచన లేదు', 'శనక్కాయ ఇత్తనం ఇప్పుడే వెయ్యొద్దు', 'ఎండ జాస్తి, మద్యాన్నం ఎవురూ బయటికి పోవద్దు'. పుస్తకం మాట వద్దు, మీ మాటే మాట్లాడండి అన్నారట. ఏ రోజుకు కావలసిన ముక్కల్ని ఆ రోజు ప్రోగ్రామే ఏరి, అతికించి, ఫోన్లో వినిపిస్తుంది. నాయన ఇంటికొచ్చి మీసం దువ్వుకుంటూ, వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికీ తెలీదంటారు, ఇకమీదట వాన రాకడ నన్నడగండి అన్నాడు. రెండోదాని గురించి ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

మరుసటి వేసవిలో కుందుర్పి దారిలో పోయాడు. రోజూ పొద్దున్నే ఆయన గొంతే అందరినీ బయటికి పోవద్దంటోంది, ఆయన మాత్రం ఆ ఎండలోనే ఆటో ఎక్కాడు. అమ్మ గడపలో నిలబడి ఏదో చెప్పబోయింది. ఈయన మైకు పట్టుకుని హలో, హలో అని సరిచూసుకుంటూనే వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం డ్రైవరు నీళ్ళకు పోయి తిరిగొచ్చేసరికి సీట్లో ఒరిగిపోయి ఉన్నాడట. ముందే రికార్డు చేసి పెట్టుకున్న ప్రకటన మాత్రం మైకులో తిరుగుతూనే ఉందట. చచ్చిపోయిన మనిషి చాలాసేపు బట్టల అంగడి గురించి అరిచాడని ఆ దారి ఊర్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

దహనం చేసి వచ్చాం. తెల్లారి అమ్మ ఫోన్ మోగింది. నేను ఎత్తితే, "నమస్కారం రైతన్నా" అన్నాడు నాయన.

ఆ సంస్థకు ఫోన్ చేసి మా నంబరు తీసేయించాలనుకున్నాను. అమ్మ ఆ మాట విని, ఫోన్ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానంది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దూ పొయ్యి పక్కన ఫోన్ పెట్టుకుని, స్పీకర్లో ఆయన చెప్పేదంతా వినేది. ఆయన చివరగా ఎండ జాస్తి, ఎవురూ బయటికి పోవద్దు అనేవాడు. ఆమె తలకు తువ్వాలు చుట్టుకుని ఉపాధి పనికి బయలుదేరేది.

నాకు ఒళ్ళు మండేది. ఇంటికి నా జీతం వస్తోంది, నీకేం ఖర్మ అంటే, ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టుకుపోతాయనేది. పొద్దున పోతే సూర్యుడు నడినెత్తికెక్కాక గానీ తిరిగొచ్చేది కాదు. కొండ వాలులో గుంతలు తవ్వడం, పిడికెడంత నీడ ఉండదు. అమ్మ కూడా అదే ఎండకు పోతుందేమోనని నాకు రోజూ భయం. ఒకరోజు గట్టిగా తగులుకున్నాను. ఆయన చెప్పేది విని కూడా ఎందుకు పోతావని అడిగాను.

"ఆయప్ప చెప్పింది ఆయప్పే ఇన్లేదు. నేను ఇనల్లనా?" అంది.

నేను ఇంటి నుంచే పనిచేస్తాను. కంప్యూటర్లు అద్దెకిచ్చే చిన్న కంపెనీ మాది. ఒక పెద్ద మెషీనులో చాలామంది చేత కాపురం పెట్టిస్తాం. ఒక్కొక్కరూ ఇల్లంతా తమదే అనుకుంటారు, పక్కగదిలో మనిషున్నాడని వాళ్ళకు తెలియదు. మా పనిలో వాళ్ళను గెస్టులంటాం. ఏ గెస్టు లోపల ఏం చేసుకుంటున్నాడో తొంగిచూసే హక్కు మాకు లేదు. తలుపు బయట నిలబడి నాడి చూడటమే నా ఉద్యోగం.

ఆ వేసవిలో ఒక మెషీను మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. తెల్లవారుజామున అందులో ఉన్నవాళ్ళంతా ఒక్క క్షణం బిగుసుకుపోతున్నారు, కదులుతున్నారు, మళ్ళీ బిగుసుకుపోతున్నారు. వెతికితే కారణం ఒకే ఒక గెస్టు అని తేలింది. మెమరీ చిన్న చిన్న అరలుగా ఉంటుంది. ఒద్దికగా రాసిన ప్రోగ్రాం తన వస్తువును ఒకే అరలో సర్దుకుంటుంది. ఈ పెద్దమనిషి ఒక వస్తువును సగం ఈ అరలో, సగం పక్క అరలో పెట్టుకున్నాడు. దాన్ని మార్చేటప్పుడు మధ్యలో ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు గనక, మెషీను అరలకు పోయే దారినంతా మూసేస్తుంది. ఆ క్షణం ఎవరూ కదలరు. నాకు భయమేసే సంగతి ఏమిటంటే, ఆగిపోయినవాళ్ళకు తాము ఆగిపోయామని తెలియదు. ఆ కాసేపూ వాళ్ళు లేరు, లేరన్నది వాళ్ళకు ఎవరూ చెప్పరు.

దీనికి మందు ఉంది. దారి మూసే పని చేసిన ప్రతిసారీ ఆ గెస్టునే కాసేపు నిలబెట్టేయడం. మిగతావాళ్ళు హాయిగా పోతారు, వాడొక్కడు ఆగి ఆగి పోతాడు. నేను దాన్ని పగ్గం వేయడం అంటాను. ఆ గెస్టు తాలూకు వాళ్ళ పేరు కూడా మాకు కనపడదు, గెస్టు నంబరు మీదే ముందుగా ఉత్తరాలు పెట్టాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. బెంగళూరులో ఉండే మా మేనేజరు, ఎంతకాలం చూస్తావు, వేసేయమన్నాడు. వేశాను.

మరునాటి పొద్దున నేను టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఫోన్ మోగింది. "నమస్కారం రైతన్నా" అన్నాడు నాయన.

ఆ తర్వాత ఆగాడు.

మా నాయన ఆగడమేమిటి? ఫోన్ కట్ అయిందనుకున్నాను. అంతలో "మడకశిర మండలం" అన్నాడు. మళ్ళీ ఆగాడు. ఫోన్లో గాలి చప్పుడు కూడా లేదు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. ఫోన్ వైపు వంగి, పక్కింటివాళ్ళకు వినపడకూడదన్నట్టు మెల్లగా, "చెప్పు, ఇంటాండా" అంది.

"ఈ పొద్దు వాన సూచన లేదు" అన్నాడు.

"లేదు, నేనూ చూస్తి" అంది అమ్మ.

ఆ ఆగడం, కదలడం నాకు తెలిసినట్టే ఉంది. టీ గ్లాసు కింద పెట్టి ముందుగదిలోకి పరిగెత్తాను. తెర మీద ఆ గెస్టు ఆగుతోంది, కదులుతోంది, ఆగుతోంది. వంటింట్లో నాయన సరిగ్గా అప్పుడే ఆగుతున్నాడు, అప్పుడే మాట్లాడుతున్నాడు. లోపల ఎవరున్నారో చూడకూడని ఆ గదిలో ఉన్నది మా నాయనే. ఒక్కో ముక్కను ఇంకో ముక్కకు అతికించేటప్పుడల్లా ఆయన దారి మూసేస్తున్నాడు, నేను వేసిన పగ్గం ఆయన్ను పట్టి నిలబెడుతోంది.

అమ్మకు ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఆమె సందిస్తేగా! ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, బొట్టు లేని నుదురు కొంగుతో తుడుచుకుని ఫోన్ ముందు కూర్చునేది. కొళాయి రాలేదని, డ్రైవరు కూతురికి సంబంధం కుదిరిందని, పక్కింటి మేక తువ్వాలు నమిలేసిందని ఆ సందుల్లో చెప్పుకునేది. కాపురమంతా మింగేసిన మాటలన్నీ బయటికొస్తున్నాయి. ఇన్నేళ్ళకు నా మాట వింటున్నాడని నాతో అంది, మొహం వెలిగిపోతూ. చివర్లో ఆయన బయటికి పోవద్దనగానే మాత్రం గొంతు మారేది. "ఆ మాట నువ్వు ఇంటివా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా తువ్వాలు చుట్టుకుని వెళ్ళిపోయేది. ఎండలు ముదురుతున్నాయి.

ఇంకొకటి కూడా గమనించాను. పగ్గం లెక్క ప్రకారం ప్రతి విరామమూ ఒకే పొడవుండాలి. అమ్మ ఊ అని ఊరుకుంటే ఆయన వెంటనే అందుకునేవాడు. ఆమె మేక కథ మొదటి నుంచి చెబితే, అది అయ్యేదాకా ఆగేవాడు. నేను తెర మీద చూశాను, నేను పెట్టిన లెక్క పెట్టినట్టే ఉంది. ఫోన్లు ఎక్కువైతే ఆలస్యం, తక్కువైతే తొందర అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది కుదరలేదు. ఒకరోజు అమ్మ కొళాయి దగ్గర ఉండగా ఫోన్ నేనే ఎత్తాను. నాయనా, నేను, అన్నానో లేదో, మడకశిర మండలం అని అడ్డొచ్చాడు. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ అడ్డొచ్చాడు. చచ్చినా నీకు బుద్ధి రాలేదని అరిచి ఫోన్ పెట్టేశాను. ఆమె కోసం ఆగుతాడు, నాకోసం ఆగడు. ఆ పూటంతా ఏడుపు ఆగలేదు.

చివరికి ఆ సంస్థలో ప్రోగ్రాం చూసుకునే అతను నా ఉత్తరం చదివి ఫోన్ చేశాడు. నాయన ఆగగానే చాలామంది ఫోన్ అయిపోయిందనుకుని పెట్టేస్తున్నారట. ఎండ సంగతి చెప్పేది ఆఖరి ముక్కలో, అది ఎవరికీ చేరడం లేదట. గోరంట్ల పక్క ఒక ఊర్లో, పొద్దున ఫోన్ సగంలో పెట్టేసి పనికి పోయిన ఆడమనిషి వడదెబ్బకు పడిపోయిందట. ప్రాణం మిగిలింది. అతను ప్రోగ్రాం సరిచేశాడు, వస్తువులన్నీ ఒక్కో అరలో సర్దాడు, ఎల్లుండి నుంచి అదే నడుస్తుంది, ఇక పగ్గంతో పనిలేదన్నాడు.

ఆ సాయంత్రం అమ్మకు అంతా చెప్పాను. ఆయన తనంతట తాను ఆగడం లేదని, ఆవు కాలికి బందం వేసినట్టు నేనే ఆపుతున్నానని, ఎల్లుండి నుంచి ఎప్పటిలా గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడని చెప్పాను. ఆ ఆడమనిషి సంగతీ చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టింది. ఆ మొహం చూడలేక, పాత ప్రోగ్రాం ఒకటి నీ ఒక్క ఫోనుకు ఉండేలా అతన్ని అడుగుతాను, దానికి పగ్గం అలాగే ఉంచుతాను అన్నాను. నిజంగానే అడిగేదాన్ని.

"నా ఒక్కదాని కోసం ఆయప్పను కట్టేసి పెడ్తావా?" అంది అమ్మ. "ఆడ ఎవురో ఎండకు పడిపోయిందంటివే. ఇప్పెయ్."

"మళ్ళా నిన్ను మాట్లాడనీడు మా."

"ఎప్పుడు మాట్లాడనిచ్చినాడులే" అని చాట అందుకుంది.

పగ్గం ఉండే ఆఖరి పొద్దున ఫోన్ మోగగానే, అమ్మ దాన్ని నా చేతిలో పెట్టింది. నువ్వు మాట్లాడమని చెప్పి, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. నమస్కారం రైతన్నా అన్నాడు. ఆగాడు. ఇంత నోరున్నదాన్ని, నాకు ఒక్క మాట రాలేదు. మండలం పేరు చెప్పాడు, వాన లేదన్నాడు, ఇత్తనం వెయ్యొద్దన్నాడు. ఇక మిగిలింది ఆఖరి ముక్క.

అది రాలేదు. పక్కింట్లో కన్నడం రేడియో వినిపిస్తోంది, వీధిలో బిందెల చప్పుడు వినిపిస్తోంది, ఫోన్లో మాత్రం ఏమీ లేదు. ఏ పగ్గమూ అంతసేపు పట్టి ఉంచదు. అది నాకు తెలుసు, నేనే గదా వేసింది. తెర చూసి రావాలనిపించలేదు. ఆయన నాకోసం ఆగి ఉన్నాడని అర్థమైంది. భయమేసింది, నాయన మీద ప్రేమ కూడా అంతే పొంగింది.

"పో నాయనా" అన్నాను. "ఇంగ నిన్నెవురూ ఆపరు. పో."

"ఎండ జాస్తి. మద్యాన్నం ఎవురూ బయటికి పోవద్దు" అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

ఏమన్నాడని అమ్మ అడిగింది. చెప్పాను. ఒళ్ళో తువ్వాలును మడిచింది.

"ఊరందురూ ఇనల్లని పగ్గం ఇప్పించి, నేనే ఇనకుంటే ఎట్ల" అంది.

ఆ రోజు అమ్మ పనికి పోలేదు.