చెరువులో గోడ వెతికిన చెయ్యి

2005లో, చాలా ఏండ్ల తర్వాత, మా చెరువు నిండింది. తనకల్లు రోడ్డులో నాది పంక్చర్ షాపు. నా చదువు ఆరో తరగతిలోనే పంక్చరైంది, దానికి ప్యాచ్ వేసేవాడు దొరకలేదు. అప్పటిదాకా నాకు తెలిసిన నీళ్ళు ఈత నేర్చిన బావిలోవి, షాపు ముందరి తొట్టిలోవి, అంతే. గాలి కొట్టిన ట్యూబును ఆ తొట్టిలో ముంచి, బుడగలు యాడ లేస్తాయో చూసి లీకు పట్టుకుంటాను.

చెరువు నిండేసరికి ఊళ్ళోవాళ్ళు ఈత పందెం పెట్టినారు. కట్ట కాడ దిగి అవతలి గుట్ట దాకా ఈదాల. ఎవరన్నా మునిగితే అందించడానికి లారీ ట్యూబులు కావాలన్నారు. ట్యూబులతో పాటు నన్ను కూడా నాగప్ప పుట్టిలో ఎక్కించినారు. పుట్టంటే నాగప్ప చేపలు పట్టే గుండ్రటి పడవ, వెదురు బుట్టకు తారు పూసింది.

ముందురోజు లక్ష్మీదేవి షాపుకు వచ్చింది. ఆమె మొగుడు నరసింహులు చెనక్కాయల రైతు. నలభై దాటినా బావి ఈతలో మొనగాడు. పందేనికి పేరిచ్చినాడు.

"బాషన్నా, ఆయప్పకు వద్దని నువ్వన్నా చెప్పు."

"నేను వద్దంటే పోయేటప్పుడే కాదు, వచ్చేటప్పుడు కూడా ఈదుతాడమ్మా."

ఆమె నవ్వలేదు. "చెరువులో ఎప్పుడన్నా దిగినోడా? దిగడానికి నీళ్ళు యాడుండె? నీ కండ్లు ఆయప్ప మీదనే పెట్టన్నా."

సరే అన్నాను. ఒకసారి ముంచి చూసిన ట్యూబునే మళ్ళీ మళ్ళీ ముంచినాను. వాల్వు, అంటే గాలి కొట్టే ఇత్తడి ముక్కు, డొక్కలో గుచ్చుకోకుండా గుడ్డ చుట్టినాను. ప్రతిదానికీ పొడుగు తాడు కట్టినాను. దూరానికి కనపడాలని ఈదేవాళ్ళందరికీ ఎర్రగుడ్డలు పంచినాను, తలకు కట్టుకోమని.

"బావి కాదప్పా నరసింహులూ, చెరువు," అన్నాను గుడ్డ ఇస్తా.

"యాడైనా తడిసేదే గదన్నా," అన్నాడు.

మరుసటి రోజు సగం దూరం దాకా అతనే ముందున్నాడు. తర్వాత నిదానించినాడు. కుడిచెయ్యి పక్కకు చాపినాడు. చెయ్యూపుతాండాడనుకొని కట్టమీదోళ్ళు ఈలలు కొట్టినారు. నేను కూడా ఏదో ఎగతాళి మాట నోటిదాకా తెచ్చుకున్నాను. అంతలో ఆ చెయ్యి మళ్ళీ అదే పక్కకు పోయింది, అరచెయ్యి తెరిచి, తడుముకుంటా.

మేమంతా బావిలో ఈత నేర్చినోళ్ళం. గుండ్రంగా తిరుగుతాం, దమ్ము అయిపోతే గోడకు పొడుచుకొచ్చిన రాయి పట్టుకొని ఆగుతాం. అతని చెయ్యి ఆ రాయిని వెతుకుతాంది.

"నాగప్పా, అటు తిప్పు!"

తొందరపెడితే పుట్టి ఉన్నచోటనే గిరగిరా తిరుగుతాది. నరసింహులు అరవడంలేదు, నీళ్ళు కొట్టడంలేదు. తల వెనక్కి వాలి, నోరు నీళ్ళ మట్టానికి వచ్చింది. బుస్సుమనే లీకును గుడ్డోడైనా పట్టుకుంటాడు, చప్పుడు లేని లీకే లారీని బోల్తా కొట్టిస్తాది. ట్యూబు విసిరినాను. గాలి దాన్ని ఇంకో దిక్కు తోసుకొనిపోయింది. తాడు లేకుంటే అంతే సంగతులు. వెనక్కి లాక్కొని, నాగప్ప పుట్టిని గాలొచ్చే వైపుకు తెచ్చినాక మళ్ళీ విసిరినాను. ఈసారి అది మోచేతికి తగిలింది. వేళ్ళు పట్టుకున్నాయి.

పుట్టిలోకి లాగబోయినాను.

"లాగద్దు, ముగ్గురం మునుగుతాం! ట్యూబు మీదనే రానీ!" అని అరిచినాడు నాగప్ప.

"ఏమప్పా, యాడికి బయల్దేరినావు?" అన్నాను నరసింహులుతో. తాడు వదలకుండా ట్యూబు మీదనే ఒడ్డుకు తెచ్చినాం.

లక్ష్మీదేవి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి నిలబడి ఉండాది. అతను ఒడ్డున నీళ్ళు కక్కి, నాతో అన్నాడు: "రాయి కోసం వెతికితినన్నా. ఇంకొంచెం పోతే దొరుకుతాదనిపించింది."

ఆ పొద్దు నుంచి నీళ్ళలో అరిచేవాణ్ణి కాదు, గమ్మునైనవాణ్ణి ముందు చూస్తాను. చెరువుకు పోతామనేవాళ్ళకు ముందు బావిలోనే పరీక్ష. గోడ ముట్టుకోకూడదు, అలిసిపోతే వెల్లకిలా తేలి దమ్ము తీసుకోవాల. పరీక్ష పెట్టేది నరసింహులే. బావి మెట్ల మీద కట్టె పట్టుకొని కూర్చుంటాడు, గోడ వైపు పోయిన వేళ్ళ మీద ఒకటి వేస్తాడు.

"రాయి లేదనుకో! లేదనుకో!" అని అరుస్తాడు.

అరిచేటప్పుడు మాత్రం ఆయప్ప ఎడమచెయ్యి మెట్టు రాయిని గట్టిగా పట్టుకొని ఉంటాది.