ఆచంద్రార్కం ఒక విస్తరి

నా చిన్నప్పుడు, అమ్మానాన్నలు వలసొచ్చి స్థిరపడిన పెండిల్ హిల్‌లో తెలుగు మాట వినిపించే ఇళ్లు మాది కాక ఇంకో రెండో మూడో ఉండేవి. ఇవాళ అక్కడ ఏ కొట్టులో అడిగినా దొరికే ఇడ్లీ రవ్వా, గోంగూరా అప్పట్లో కలలో మాట. బియ్యం పారమట్టాలో చైనావాళ్ల కొట్టు నుంచి తెచ్చుకునేవాళ్లం. ఎవరింట్లోనైనా కుండీలో కరివేపాకు మొక్క బతికిందని తెలిస్తే అమ్మ మొహమాటపడుతూనే రెండు రెబ్బలు అడిగేది. నాన్న ఆసుపత్రిలో డాక్టరు. మా ఇల్లు కాస్త పెద్దది, పెరడు ఇంకా పెద్దది. అందుకని నెలకో ఆదివారం తెలుగు కుటుంబాలన్నీ మా ఇంట్లోనే భోజనానికి కలిసేవి.

మా హాల్లో దేవుడి పటాల కంటే పెద్ద ఫోటో ఒకటి ఉండేది. మా సొంత ఊళ్లో సత్రం గోడకు తాపిన ఒక నల్లరాతి పలక ఫోటో అది. మా నాన్నమ్మ మాతో ఉండటానికి వచ్చినప్పుడు చీరల మధ్య జాగ్రత్తగా పెట్టుకుని తెచ్చింది. ఏడెనిమిది తరాల కిందట మా పూర్వీకుడొకాయన ఆ సత్రానికి నూట డెబ్బై వరహాలు ఇచ్చాడట. ఆ సొమ్ము మీద వచ్చే వడ్డీతో రోజూ ఒక బాటసారికి కడుపునిండా భోజనం పెట్టాలి. ఎన్నాళ్లు? సూర్యచంద్రులు ఉన్నన్నాళ్లు. ఆ రాతి మీద చెక్కింది అదే.

ఇంటికి ఎవరొచ్చినా నాన్నమ్మ ఆ ఫోటో ముందు నిలబెట్టి కథంతా చెప్పేది. చెప్పాక నన్ను పిలిచేది. నేను చేతులు కట్టుకుని రాతి మీది మాటలు అప్పజెప్పేదాన్ని. "మా వంశీకుల పుణ్యార్థం ఈ సత్రమందు ప్రతిదినం ఒక బాటసారికి ఆచంద్రార్కం అన్నం పెట్టడానికై నూట డెబ్బై వరహాలు ధర్మం చేయడమైనది." ఈ దేశంలో పుట్టిన పిల్ల ఇంత తెలుగు తప్పు లేకుండా చెబుతోందని అందరూ చప్పట్లు కొట్టేవారు. బళ్లో కూడా చెప్పాను, మా కుటుంబం రెండు వందల ఏళ్లుగా రోజుకో మనిషికి అన్నం పెడుతోందని. టీచర్ నా భుజం తట్టింది. నాకు తొమ్మిదేళ్లు. మిగతా పిల్లల ఇళ్లలో లేనిదేదో మా ఇంట్లో ఉందని గట్టిగా నమ్మేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్ సెలవుల్లో ఒక కొత్త కుటుంబం మా ఆదివారాలకు వచ్చింది. ఆయన యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పే లెక్చరర్. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. హారిస్ పార్క్‌లో చిన్న అద్దె ఫ్లాట్‌లో ఉండేవారు. ఆంటీ పెద్ద డబ్బా నిండా జంతికలు చేసి తెచ్చింది. మేము ఆయన్ని లెక్చరర్ అంకుల్ అనేవాళ్లం.

భోజనాల దగ్గర నాన్నమ్మ మామూలుగానే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగింది. అంకుల్ చెప్పిన ఊరు మా ఊరే. ఏ వీధి అంటే సత్రం వెనక వీధి. ఇంకా తరిచి అడిగితే, వాళ్లమ్మే సత్రంలో వంట చేస్తుందనీ, అంతకుముందు వాళ్ల నాన్నమ్మ చేసేదనీ తేలింది. నాన్నమ్మ మొహం వెలిగిపోయింది.

"సత్రం వంటావిడ కొడుకువా నువ్వు! ఇంకేం మరి, మా అన్నం తిని పెరిగినవాడివే!" అంది అందరూ వినేలా.

అందరూ నవ్వారు. అందులో చెడ్డ ఉద్దేశం ఉందని అక్కడెవరికీ తోచలేదు. నాన్నమ్మకూ లేదనే అనుకుంటాను. అంకుల్ "అవునండి" అని తల వంచుకుని చారన్నం కలుపుకున్నారు. పక్కన వడ్డిస్తున్న ఆంటీ చెయ్యి మాత్రం గరిటెతో సహా ఒక్క క్షణం గాల్లో ఆగిపోయింది. నాన్న మంచినీళ్ల కోసమన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్లారు. అదంతా చూశాను కానీ, చూసినదానికి అర్థం ఉంటుందని అప్పుడు తెలియలేదు.

ఈ దేశంలో క్రిస్మస్ వచ్చేది ఎండాకాలంలోనే, మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. పెద్దవాళ్లు హాల్లో ఫ్యాన్ కింద చేరారు. మేము అయిదుగురు పిల్లలం పెరట్లో నిమ్మచెట్టు నీడన పోట్లాడుకుంటుంటే అంకుల్ జంతికల పళ్లెం పట్టుకుని వచ్చారు. సత్రం ఆట ఆడదామన్నారు. జేబులోంచి పది ఒక్క సెంటు నాణేలు తీసి నా చేతిలో పెట్టారు. నేను ధర్మదాతనట, ఆయన కొట్టువాడట. తరానికోసారి ఆ పది సెంట్లే నా చేతికి తిరిగి వస్తాయి, ఒక్కటి కూడా తగ్గదు. వాటితో జంతికలు కొని అందరికీ పెట్టడం నా పని.

మొదటి తరంలో సెంటుకు రెండు జంతికలు. ఒక్కొక్కరికీ నాలుగేసి వచ్చాయి. నా గొప్ప ఇంతా అంతా కాదు. అంకుల్ చప్పట్లు కొట్టి "ఒక తరం గడిచింది" అన్నారు. ఇప్పుడు సెంటుకు ఒక్కటే. మళ్లీ చప్పట్లు. ఇప్పుడు రెండు సెంట్లకు ఒకటి. ఆ పైన అయిదు సెంట్లకు ఒకటి అనేసరికి నా చేతిలోకి రెండే జంతికలు వచ్చాయి. ఎదురుగా నలుగురు చేతులు చాపుకుని కూర్చున్నారు.

"అంకుల్, దట్స్ నాట్ ఫెయిర్! యు ఆర్ చీటింగ్!" అని అరిచాను.

"నీ డబ్బులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో తల్లీ" అన్నారాయన.

చూసుకున్నాను. పదీ ఉన్నాయి. ఎవరూ ఒక్కటీ తీయలేదు. అయినా నా దగ్గర ఉన్నదేదో పోయింది. అదెలా పోయిందో అంకుల్ తేలిక మాటల్లో చెప్పారు. ఒక రాజుకు బంగారం చాలక నాణెంలో రాగి కలిపాడట. తర్వాత వచ్చిన దొరలు ఆ వరహాలను రూపాయల్లోకి మార్చారు. ఆ తర్వాత వెండి పోయి కాగితం వచ్చింది. యుద్ధాలు వచ్చినప్పుడల్లా కాగితం ఎక్కువ అచ్చయ్యింది. బియ్యం మాత్రం అచ్చువేస్తే వచ్చేది కాదు కదా. ఒక్కో తరంలో జరిగింది ఆ తరానికి పెద్దగా తెలియదు. ఏడెనిమిది తరాలయ్యాక చూసుకుంటే నిండు విస్తరి కొన్న డబ్బుకు ఉత్త విస్తరాకు కూడా రాదు.

చివరి తరంలో పది సెంట్లకూ కలిపి ఒక్క జంతిక. దాన్ని విరిచేలోపే మా తమ్ముడు, నాలుగేళ్లవాడు, ఏడుపు లంకించుకున్నాడు. అప్పుడు అంకుల్ పళ్లెంలోంచి ఒక్కో జంతిక తీసి నలుగురి చేతుల్లోనూ పెట్టారు. నా డబ్బు తీసుకోలేదు. పైగా మా తమ్ముడితో, "ఇది అక్క పెట్టింది నాన్నా. అక్కకి థాంక్స్ చెప్పు" అన్నారు.

వాడు ఏడుపు ఆపి, "థాంక్యూ అక్కా" అన్నాడు. మిగతావాళ్లూ వరసగా అన్నారు.

"బట్ ఐ డిడ్‌న్ట్ గివ్ ఇట్" అన్నాను. ఆ థాంక్యూలు నా ఒంటికి పడలేదు. దురదలా అనిపించింది.

"పేరు నీదే కదమ్మా" అన్నారు అంకుల్ నవ్వుతూ.

నేను నవ్వలేదు. చేతిలో పది నాణేలూ చెమటకు అంటుకుంటున్నాయి. వచ్చీరాని తెలుగులో అడిగాను. "మరి మా సత్రంలో? అక్కడ ఇంకా రోజూ పెడుతున్నారు కదా. ఆ వరహాలు చాలుతున్నాయా?"

అంకుల్ మొహంలో నవ్వు పోయింది. పిల్ల అంత దూరం వెళ్తుందని ఆయన అనుకున్నారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. "పెడుతున్నారమ్మా. రాతి మీద రాసి ఉంది కదా, మానేయకూడదు" అన్నారు.

"ఎవరు పెడుతున్నారు?"

వెనక మెట్ల మీద కూర్చున్న ఆంటీ పలికింది. "మా అత్తగారు. ఆ వడ్డీ ఏడాదికి ముప్ఫై అయిదు రూపాయలొస్తుంది. దాంతో పది రోజులు కూడా గడవదు. మిగతా ఏడాదంతా ఆవిడ ఇంట్లో బియ్యమే. వాళ్ల అత్తగారి రోజుల నుంచీ అంతే. ఈయన చదువుకునే రోజుల్లో ఇంట్లో అందరూ రాత్రిపూట మజ్జిగతో సరిపెట్టుకున్నారు గానీ ఆ విస్తరి మాత్రం ఆపలేదు. వేసేది మీ ఇంటిపేరు చెప్పే."

"చిన్నపిల్లతో ఏంటా మాటలు" అని అంకుల్ గట్టిగా కసిరారు. ఆంటీ లేచి లోపలికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే హాల్లోంచి నాన్నమ్మ కేక వేసింది. అప్పుడే వచ్చిన వేరే అతిథులకు ఫోటో చూపిస్తోంది, వచ్చి చదవమని. నేను వెళ్లాను. అలవాటుగా చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. మా వంశీకుల పుణ్యార్థం అన్నాను. ప్రతిదినం ఒక బాటసారికి అన్నాను. ఆచంద్రార్కం అనేసరికి తలుపు దగ్గర అంకుల్ వచ్చి నిలబడటం కనిపించింది. అంతే, అక్కడే ఆగిపోయాను. చెవులు, మెడ కాలిపోతున్నాయి. అందరూ నావైపే చూస్తున్నారు. నాన్నమ్మ "ఆచంద్రార్కం... చెప్పు, తర్వాత?" అంటూ అందిస్తోంది. మాట మరిచిపోయాననుకుంది పాపం.

అప్పుడు అంకుల్ తలుపు దగ్గర్నుంచే మిగతాది చెప్పారు. "అన్నం పెట్టడానికై నూట డెబ్బై వరహాలు ధర్మం చేయడమైనది." ఒక్క అక్షరం తడుముకోలేదు. అక్కడితో ఆగకుండా, నేనెప్పుడూ వినని మాట ఇంకోటి చెప్పారు. "పెట్టినవారు పిల్లాపాపలతో చల్లగా ఉందురు గాక."

"అది రాతి మీద లేదే" అంది నాన్నమ్మ.

"లేదండి. విస్తరి వేసేటప్పుడు మా అమ్మ రోజూ కలిపి చెబుతుంది" అన్నారు ఆయన.

ఒక తొమ్మిదేళ్ల పిల్లను నలుగురిలో నిలబడి నోరు తిరగక ఏడవనీయకూడదని ఆయన ఆ వాక్యం పూర్తి చేశారు. ఆ దయే నన్ను ఎక్కువ బాధించింది. నేను బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. అందరూ వెళ్లేదాకా రాలేదు.

సాయంత్రం నాన్న కారు కడుగుతుంటే వెళ్లి అడిగాను, ఆంటీ చెప్పింది నిజమేనా అని. నాన్న గొట్టం కింద పెట్టి కుళాయి కట్టేశారు.

"నిజమే. నాకు తెలుసు" అన్నారు. "మెడిసిన్ చదివేటప్పుడు సత్రానికి వెళ్తే ఆ అంకుల్ వాళ్లమ్మే చెప్పింది, ఏమైనా చూడు బాబూ అని. ఉద్యోగం రాగానే పంపుతానన్నాను. తర్వాత పెళ్లి, ఈ దేశం... మరిచిపోయానని చెబితే అబద్ధం అవుతుంది. వాయిదా వేశాను."

నాన్న నా కళ్లలోకి చూడలేదు. పెద్దవాళ్లు కూడా సిగ్గుపడతారని నేను తెలుసుకున్నది ఆ సాయంత్రమే. అప్పటిదాకా సిగ్గు అంటే పిల్లలకు పెద్దవాళ్లు నేర్పేదనుకునేదాన్ని.

తర్వాతి వారం నాన్న నన్ను తీసుకుని హారిస్ పార్క్ వెళ్లారు. చెక్కు రాసి తీసుకెళ్లారు. అంకుల్ దాన్ని ముట్టుకోలేదు. కోపంతో కాదు. "నాకు కాదండి, మా అమ్మతో మాట్లాడండి" అన్నారు. నాన్న కొద్ది నెలలకే సెలవు పెట్టి ఊరెళ్లి ఆవిడ ముందు కూర్చున్నారు. ఇన్నాళ్లకా అని ఆవిడ అనలేదట. అనుంటే బాగుండేదని నాన్న చాలాసార్లు చెప్పుకున్నారు. ఒకేసారి పెద్ద మొత్తం బ్యాంకులో వేస్తానని ఆయనంటే ఆవిడ ఒప్పుకోలేదు. "ఆ రాయి చెక్కించిన మీ పెద్దాయనా అలాగే అనుకున్నాడు బాబూ. అలా ఒద్దు. ఏటా బియ్యం ధర ఎంతుందో నన్నడగండి. అడిగి పంపండి" అందట.

ఊరెళ్లకముందే నాన్నమ్మకు నాన్నే చెప్పారు. ఆమె నమ్మలేదు, తర్వాత కోప్పడింది. ఫోటో గోడ మీదే ఉంది గానీ దాని ముందు ఎవర్నీ నిలబెట్టలేదు. మరుసటి నెల ఆదివారం అంకుల్ వాళ్లు వస్తారో రారో అనుకున్నాం. వచ్చారు. నాన్నమ్మ ఎవరికీ గరిటె ఇవ్వకుండా అంకుల్ విస్తట్లో తనే అన్నం వడ్డించింది. వడ్డించడం అయ్యాక, "మీ అమ్మగారు ఎలా ఉన్నారు నాయనా?" అంది. ఆమె నోట వంటావిడ అమ్మగారైంది. ఆంటీ కళ్లు తుడుచుకుంది.

ఇదంతా జరిగి నలభై ఏళ్లు దాటింది. నాన్నా, నాన్నమ్మా, ఊళ్లో ఆవిడా ఎవరూ లేరు. ఆవిడ మనవరాలు సత్రం చూస్తోంది. ఏటా ఆ అమ్మాయికి ఫోన్ చేసి భోజనం ఎంతకు పడుతోందో అడిగి, అంత పంపుతాను. దేశానికి ఆ చివర పియారా వాటర్స్‌లో ఉంటున్న మా అబ్బాయి, "అమ్మా, ఒక్కసారే ఫిక్స్ చేసెయ్, డన్ విత్ ఇట్" అంటాడు. వాడికి ఈ కథ చెప్పాను. విన్నాడు. కానీ ఆ మాట మాత్రం ఇంకా అంటూనే ఉన్నాడు.

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ "థాంక్యూ ఆంటీ" అంటుంది. నాకు ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతాయి. ఎవరు నాకు కృతజ్ఞత చెప్పినా అంతే. వెంటనే తీసుకోలేను. ఇది నిజంగా పెట్టిన మనిషి ఇంకెవరైనా ఉన్నారేమోనని ముందు నా వెనక్కి ఓసారి చూసుకుంటాను.