ఆదివారం నాన్నలు

నా భార్య నలభై నాలుగో ఏట హాస్టల్లో చేరింది. మియాపూర్‌లో మా ఇంటికీ ఆమె చదివే యూనివర్సిటీకీ ఆటోలో అరగంట కూడా పట్టదు. అయినా ఇంట్లో ఉంటే పీహెచ్‌డీ సాగదంది. కుక్కరు విజిల్ వేసినప్పుడల్లా చదివిన పేరానే మళ్లీ చదవాల్సి వస్తోందట. సరే అన్నాను. సంగతి తెలిసి, పెళ్లాన్ని హాస్టల్లో వేసిన మొగుణ్ణి మొదటిసారి చూస్తున్నామని మా ఆఫీసువాళ్లు ఆటపట్టించారు. నేనూ నవ్వాను. ఆ ఏడాది నాకు నవ్వడం చేతనయ్యేది గానీ నవ్వు వచ్చేది కాదు. ఏం తిన్నా ఒకటే, ఎవరేమన్నా ఒకటే.

పదిహేనేళ్లుగా ఆఫీసు క్యాబులో ఆ యూనివర్సిటీ ప్రహరీ పక్కనుంచే వెళ్తున్నాను. గోడ మీదుగా చెట్లు కనిపించేవి. ఎప్పటికైనా ప్లాట్లు వేస్తారులే అనుకునేవాణ్ణి. లోపల ఒక చిన్న ఊరుందని నాకు తెలీదు.

మొదటి ఆదివారం గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన రిజిస్టరు ముందుకు లాక్కుని, "ఎవరి కోసం వచ్చిన్రు సార్?" అన్నాడు. నా భార్య పేరు చెప్పాను. ఆయన నా తెల్లజుట్టు చూశాడు, చేతిలో గోంగూర పచ్చడి సీసా చూశాడు, సంబంధం అన్నచోట నన్నడక్కుండానే 'తండ్రి' అని రాసేశాడు. ఆదివారం సీసాలు పట్టుకొచ్చేవాళ్లంతా ఆయన లెక్కలో నాన్నలే. దిద్దుదామని నోటిదాకా వచ్చింది. వెనక లైనులో ఇంకో ముగ్గురు నాన్నలు నిలబడి ఉన్నారు. పోనీలే అనుకుని లోపలికి నడిచాను.

లోపల నాకు తెలిసిన హైదరాబాదు లేదు. ఇంటంత బండరాళ్లు, వాటి మీద ఒళ్లో పుస్తకాలతో పిల్లలు. రోడ్డు మధ్యలో పడుకున్న కుక్కని లేపకుండా సైకిళ్లు పక్కకి తిరిగి పోతున్నాయి. నాలుగు కొట్ల వరస: కిరాణా, మంగలి, జిరాక్సు, టీ. జిరాక్సు కొట్లో నల్ల అట్ట వేసిన థీసిస్‌లు, మీద బంగారు రంగు అక్షరాలు, జిగురు ఆరడానికి పేర్చి ఉన్నాయి. ఎవరికీ తొందర లేదు. చెట్ల పైన మా ఆఫీసు అద్దాల మేడ కనిపించింది. అక్కడ కిటికీ పక్కనే నా సీటు. ఒక్కనాడూ ఇటు చూసిన గుర్తు లేదు. బాగుందని తెలుస్తోంది, అంతే. పంటికి మత్తు ఇంజక్షన్ చేశాక టీ తాగితే వేడి తెలుస్తుంది, రుచి తెలీదు. అలా ఉంది నా పని.

నా భార్య హాస్టల్ నుంచి వచ్చాక ఇద్దరం టీకి వెళ్లాం. టీ కొట్టామె మమ్మల్ని చూసి, "అక్కకు అల్లం ఎక్కువ, చక్కెర ఉండొద్దు, తెలుసు నాకు" అంది. ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో పొద్దుటి టీ నేనే పెడుతున్నాను. నా భార్యకి రెండు చెంచాల చక్కెర వేసేవాణ్ణి. ఆమె ఏనాడూ వద్దనలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాను. ఒకసారి కందిపొడి, ఒకసారి మాగాయ. ప్రతిసారీ రిజిస్టరులో నాన్ననే.

ఏప్రిల్లో ఫారాలు ఇచ్చారు, వచ్చే ఏడాదికి హాస్టల్ గది ఉంచుకుంటారా లేదా అని. ఆ వారమంతా ఒక మాట కూడబలుక్కున్నాను. ఇక వచ్చెయ్, వంట నేను చేస్తాను, కుక్కరు అటక మీద పడేస్తాను అని చెప్పాలి. ఆదివారం సాయంత్రం బండ మీద కూర్చున్నాం. ఫారం ఆమె ఒళ్లో ఉంది.

"ఏవండీ, ఇంకో ఏడాది ఉండనా?" అంది.

"నీ ఇష్టం."

"నా ఇష్టం నాకు తెలుసు. మీకు ఇంట్లో ఎలా ఉందో చెప్పండి."

ఎలా ఉందో లోపల వెతుక్కున్నాను. చేతికి ఏమీ తగల్లేదు. కూడబలుక్కున్న మాట కూడా ఎటో పోయింది. "ఉండు" అన్నాను. ఆమె ఫారం మడిచి సంచీలో పెట్టుకుంది. ఖాళీ సీసా నా చేతికిచ్చింది.

గేటు దగ్గర, వెళ్లిన టైము వేయడానికి రిజిస్టరు నా వైపు తిప్పాడు సెక్యూరిటీ ఆయన.

"బిడ్డ మంచిగ చదువుతుందా సార్?"

"చదువుతోంది. ఇంకో ఏడాది ఇక్కడే ఉంటుంది."

"మరి ఇంట్ల బోసిగ అనిపిస్తలేదా?"

"అనిపిస్తోంది," అన్నాను. "చాలా అనిపిస్తోంది. ఇంటికి పోబుద్ధి కావట్లేదు."

బండ మీద ఆమె అడిగింది కూడా ఇదే. అక్కడ దొరకని జవాబు, ఆమె తండ్రినై నిలబడిన చోట దొరికింది.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఆడపిల్ల, ఎప్పటికైనా పోయేదే గదా."

అవునన్నాను. టైము వేసి సంతకం పెట్టాను.